రంగయ్య సారు వెనక్కిచ్చిన తాటాకులు

మొన్న మనవరాలు దోమలు కుట్టకుండా చేతులకేదో నూనె రాసుకుని నా పక్కన కూర్చుంది. నిమ్మగడ్డి వాసన. ఆ వాసనకు నాకు అచ్చంపేట బడిలోని ఒక మూలగది గుర్తొస్తుంది. బల్ల మీద పాత తాటాకులు, వాటికి దూదితో నిమ్మగడ్డి నూనె అద్దుతున్న రంగయ్య సారు. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది.

అరవైల మొదట్లో నేను లెక్కల టీచరుగా ఆ బడికి వెళ్లేసరికి ఆయన అక్కడ తెలుగు పండితుడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకు ఉన్నదల్లా ఆ తాటాకుల కట్ట. అడవి అంచున గొర్రెలు కాచుకునే సాయమ్మ అనే ముసలామె ఇంట్లో, దేవుని గూట్లో తరతరాలుగా ఉండేదట; చదివిపెట్టమని ఆమే సారుకిచ్చింది. దాని లిపి తెలుగు కాదు, కన్నడం కాదు, చూసిన పండితులెవరికీ అంతుబట్టలేదు. కాకతీయుల కాలపు రాతకు ఎవరో తీసుకున్న నకలు కావచ్చని సారు అనేవారు. పదిహేనేళ్లు కూర్చుని దాన్ని చదివారు. చదివానని నమ్మారు. సాయమ్మ అత్తింటి వంశంలో చెన్నడనే గొల్ల, ఊరి పశువులను కాపాడబోయి ప్రాణం విడిచాడని అందులో ఉందన్నారు. ఆ మాట విని సాయమ్మ ఇంటివాళ్లు దొడ్డి పక్కన ఒక రాయి నిలిపి మొక్కసాగారు. పుట్టిన మనవడికి చెన్నడని పేరు పెట్టుకున్నారు. సారు పుస్తకం అచ్చుకు వెళ్లబోతోంది.

అప్పుడే ఒకరోజు నన్ను పిలిచారు. "సుశీలమ్మా, నేను చదివింది సరైందని లెక్కతోని చూపియ్యాలె. రేపు పుస్తకమొస్తే పట్నపోళ్లు నవ్వొద్దు గద."

చూపిద్దామనే మొదలుపెట్టాను. ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు ఇచ్చాం. ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చింది, దాని ముందు ఏముంది, తర్వాత ఏముంది అని అట్ట కార్డుల మీద రాసుకుంటూ ఎండాకాలం సెలవులన్నీ గడిపాం. ఆయన ఆకు పట్టుకుని చెప్పేవారు, నేను రాసేదాన్ని. తొందరపడితే ఊరుకునేవారు కాదు. "ఆగు బిడ్డా. నీకు గావాల్సిన గుర్తు గాదు, ఆకు మీదున్న గుర్తు రాయి" అనేవారు. హైదరాబాదులో మా అన్న పనిచేసే ఆఫీసులో, కార్డులకు రంధ్రాలు పొడిచి అందిస్తే వాటిని వేరుచేసి లెక్కపెట్టే యంత్రం ఉండేది. పై అధికారి సరేనంటే మా నంబర్లన్నీ దానికి ఎక్కించాం. దసరా సెలవుల్లో పట్టికలు చేతికొచ్చాయి.

సారు ఏడు వేర్వేరు గుర్తులను ఒకే 'న' అక్షరంగా చదివారు. రాసినవాని చేతివాటం వల్ల ఆకారం మారిందని ఆయన వాదం. ఒకే అక్షరమైతే ఏడింటి పక్కనా ఇంచుమించు అవే గుర్తులు రావాలి. పట్టికలో ఒకదాని పక్కన వచ్చినవి మరొకదాని పక్కన రాలేదు. అంటే అవి ఏడూ ఒకే అక్షరం కావు. అయినా నమ్మబుద్ధి కాక ఇంకో పరీక్ష చేశాను. ఏ గుర్తు ఏయే అక్షరాలు కావచ్చో ఆయన పెట్టుకున్న సూత్రాలతోనే, చెన్నడు చనిపోయిన ఆకును నేను మళ్లీ చదివాను. గంటలో అది జొన్నకోతల పాటయింది.

వారం రోజులు దాచాను. చివరికి పట్టిక, పాట ఉన్న రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టాను. చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"గీ పాట నువ్వు కట్టినవా?"

"నేను కట్టలే సార్. మీ సూత్రాలతోనే వచ్చింది."

కాగితాలు మడిచి పెట్టారు. "అంటే చెన్నన్ని పుట్టిచ్చింది నేనే. సంపింది నేనే" అన్నారు.

అచ్చు ఆపించారు. అంతటితో ఊరుకున్నా ఎవరూ అడిగేవారు కాదు. కానీ ఆ ఆదివారం తాటాకుల కట్ట సంచిలో పెట్టుకుని సాయమ్మ ఇంటికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. ఆమె దొడ్డి ఊడుస్తోంది.

"అవ్వా, నేను చదివింది తప్పు. గీ ఆకులల్ల ఏమున్నదో నాకు ఎర్కలేదు" అన్నారు సారు.

"మా చెన్నడు లేడా సారూ?"

"ఉన్నడో లేడో తెల్వదు. గీ ఆకుల మీద మాత్రం నేను సూడలే."

ఆమె రాయి వైపు చూసింది. దాని మీద పసుపు ఇంకా తడిగానే ఉంది. "మరి పోరని పేరెట్ల సారూ? పిలిస్తే పలుకుతుండు గద" అంది. సారు కట్ట ఆమె చేతుల్లో పెట్టారు. ఎన్నడూ మజ్జిగ ఇవ్వకుండా పంపని మనిషి, ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు.

ఆ తర్వాత ఆయన పాఠాలు చెప్పి ఇంటికి వెళ్లడం తప్ప మరో పని పెట్టుకోలేదు. రెండేళ్లకు జబ్బుపడి మహబూబ్‌నగర్ దవాఖానలో చేరారు. నేను చివరిసారి చూడబోయినప్పుడు, "నువ్వు చెప్పకుంటే మంచిగుండేదని ఒక్కోపారి అనిపిస్తది బిడ్డా" అన్నారు. మళ్లీ ఆయనే, "గా కార్డులైతే పారెయ్యకు" అన్నారు. ఆయన పోయిన మరుసటి వేసవిలో సాయమ్మ గుడిసె అంటుకుంది. ఆకులు దక్కలేదు.

ఆయన అన్న మొదటి మాట నాలోంచి పోలేదు. రెండో మాట పాటించాను. సారు ఆకుల మీంచి చేత్తో దించిన గుర్తులు, నా కార్డులు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. వాటి సంగతి విని ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తుంటారు. ఇందులో ఏముందనుకుంటున్నారని ముందే అడుగుతాను. వైద్యమని కొందరు, తమ వంశచరిత్ర అని కొందరు అంటారు. వాళ్లకు కార్డులు తీయను. తెలియదన్నవాళ్లను లోపలికి పిలిచి బల్ల ముందు కూర్చోబెడతాను. ఇన్నేళ్లలో అలా కూర్చున్నవాళ్లు ఇద్దరే.