చారు డబ్బా మూత

నాలుగేళ్ల క్రితం మా చెల్లెలికి తిరుపతిలో కాన్పయింది. బాలింతకు హోటల్ తిండి పెట్టకూడదని మా అమ్మ పట్టుబట్టింది. దాంతో మా ఊరు నగరిలో పొద్దున్నే మిరియాల చారు కాచి, సలసల మరుగుతుండగానే స్టీలు డబ్బాలో పోసి, ఒలకకుండా మూత గట్టిగా నొక్కి బస్సెక్కాను.

ఆసుపత్రికి చేరేసరికి చెల్లెలు ఆకలితో నీరసించి ఉంది. తీరా చూస్తే డబ్బా మూత రాదు! వేళ్లు ఎర్రబడేదాకా లాగాను. మా మరిది స్పూనుతో ఎత్తబోతే స్పూనే వంగిపోయింది. ఒకపక్క బిడ్డ ఏడుపు, ఇంకోపక్క చెల్లెలి కళ్లలో నీళ్లు.

పక్క మంచం దగ్గర మనవరాలికి తోడుగా ఉన్న అవ్వ ఇదంతా చూస్తోంది.

“ఉడుకుడుకుగా పోసి మూసినావు కదా పాపా! లోపల ఆవిరి చల్లారి మూతను పట్టుకోనుండాది. ఇట్లా తే” అంటూ తన ఫ్లాస్కులోని వేడినీళ్లు గిన్నెలో పోసి, డబ్బాను అందులో నిలబెట్టింది. రెండు నిమిషాలకు మూత ‘టప్’మని వదిలింది. చెల్లెలు ఆవురావురుమంటూ చారు తాగింది.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. వాయువులు వేడికి వ్యాకోచిస్తాయని, చల్లబడితే సంకోచిస్తాయని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. ఇప్పుడు ఆ పాఠం వస్తే ఆ డబ్బానే క్లాసుకు పట్టుకెళ్లి అవ్వ గురించి చెప్తాను. ఒక్క సంగతి మాత్రం పిల్లల దగ్గర దాచాను.

ఆ రోజు అవ్వ అడిగింది: “నువ్వేం జేస్తావు పాపా?”

“టీచర్నవ్వా.”

“ఏం చెప్తావు?”

“తెలుగు” అన్నాను.