దుర్సున్ అంటే ఉండిపోనీ

ఎనభైల చివర నేను కోరుట్ల మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల గుమాస్తాను. ఊళ్లలో నక్సలైట్ల దళాలు తిరిగే రోజులవి. కొత్త పేరు చెవిన పడితే చాలు, పోలీసులు ఆరా తీసేవారు.

ఒకరోజు హెడ్ కానిస్టేబుల్ పెంటయ్య, గంగారాం అనే ముసలి రైతును వెంటబెట్టుకుని వచ్చాడు. బస్సు తనిఖీలో ఆయన జేబులో దొరికిన ఉత్తరం నా టేబుల్ మీద పెట్టాడు. సౌదీలో కూలికి పోయిన కొడుకు రాసింది. "దుర్సున్‌ను ఎవలకు చూపియ్యకుండ్రి. నేనచ్చేదాక ఇంట్లనే దాసుండ్రి" అని ఉంది.

"దుర్సున్ ఎవడంటే మనుమడంటున్నడు సార్. గసొంటి పేరు ఎవలన్న పెడ్తరా? రిజిస్టర్ల లేకుంటే ఎస్సై సాబ్ ఈయనను కరీంనగర్ జైలుకు తోలుతడట" అన్నాడు పెంటయ్య.



జననాల రిజిస్టర్ తీశాను. మూడు నెలల కింద సర్కారు దవాఖానలో పుట్టిన మగపిల్లవాడు, తండ్రి పేరు సరిపోయింది. పేరు గడి మాత్రం ఖాళీ. పుట్టగానే పేరు ఉండదు కాబట్టి తర్వాత దరఖాస్తు తీసుకుని చేరుస్తాం. దాన్ని నేమ్ ఎంట్రీ అంటాం.

"ఎందుకు రాపియ్యలే, పెద్దాయనా?"

"భయమైంది సారూ. రాపిచ్చినంక పోతే ఎట్ల?"

మరణాల రిజిస్టర్ తిప్పాను. అదే తండ్రి పేరుతో రెండు ఎంట్రీలు, నా చేతిరాతే. ఇద్దరూ ఏడాది నిండని పిల్లలు. రాసిన గుర్తు కూడా నాకు లేదు.

ఉత్తరం తిప్పితే వెనక కూడా రాసి ఉంది, పైకి చదివాను. "మా మేస్త్రిది టర్కీ దేశం. పేరు దుర్సున్. ఆయనకంటె ముందు పుట్టినోళ్లు బతకలేదట. వాళ్ల భాషల దుర్సున్ అంటే ఉండిపోనీ అని. పిల్లలు దక్కనోళ్లు ఆడ పాతకాలం నుంచి గిట్లనే పెట్టుకుంటరట. గందుకే మొన్నటి ఉత్తరంల మనోనికి గూడ గదే పెట్టుమన్న. దిష్టి తాకనియ్యకుండ్రి."

పెంటయ్య ఉత్తరం మడిచి గంగారాం చేతికిచ్చాడు.

"నాకంటె ముందు ముగ్గురు పోయిండ్రు సార్. నన్ను పెంటకుప్ప మీద ఏసి తెచ్చుకున్నరట. గందుకే గీ పేరు" అన్నాడు. "ఎస్సై సాబ్‌కు నేను చెప్త. మీరొక కాగితం రాసియ్యుండ్రి."

పోలీసులకు పూచీ ఇవ్వడం నాకూ భయమే. అయినా దుర్సున్ అంటే ఈ పిల్లవాడేనని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను. సాయంత్రానికి గంగారాంను వదిలేశారు.

వారం తిరక్కుండా కోడలు లక్ష్మి పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. దరఖాస్తు మీద వేలిముద్ర వేసి, "అక్షరం తప్పు పోకుండ రాయుండ్రి సారూ" అంది. నెమ్మదిగా రాసి, చదివి వినిపించాను.

ఒకే ఇల్లు నా రెండు పుస్తకాల్లోనూ ఉండొచ్చని అంతవరకు నాకు తట్టనే లేదు. ఆ తర్వాత నేమ్ ఎంట్రీకి ఎవరొచ్చినా, ఆ పేరు ఎందుకు పెట్టారో అడిగాకే కలం తీసేవాణ్ణి. దాదాపు అందరూ కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు.