మావగారి ఎడంచేతికి కందిపొడి డబ్బా

"పెళ్ళాం, పిల్లా పుట్టింటినించి వచ్చి ఇన్నాళ్ళయింది, సారె పంచవేమయ్యా? అరిసెలేవయ్యా?" అని పొద్దున్నించీ స్టాఫు రూములో నన్ను కాల్చుకు తింటున్నారు కదా. చెబుతాను. కాఫీ తాగుతూ వినండి. ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తున్నా, అరిసెల్లేవు. ఎందుకు లేవో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి! ఆరోజు నా గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు.

మా మావగారిని మీలో కొందరు నా పెళ్ళిలో చూసే ఉంటారు. కొత్తపేట అవతల కాలవగట్టు మీద ఊరు, ఆ ఊరికి ఆయన మునసబు. మాటంటే మాటే. గోదారైనా వెనక్కి పారుతుందేమో గాని ఆయన నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి వెళ్ళదు. అలాంటి మనిషి భోజనం దగ్గర మాత్రం అసలు నోరు విప్పరు. తండ్రిగారి నించీ వస్తున్న నియమం. విస్తరి ముందు కూర్చున్నది మొదలు చెయ్యి కడుక్కునేదాకా మౌనం. మధ్యలో ఒక్కమాట జారిందా, విస్తరి వదిలేసి లేచిపోవాల్సిందే. కావాలంటే "ఊఁ", వద్దంటే "ఊఁహూఁ". మిగతాదంతా కనుబొమలు. ఆ కనుబొమల్ని చదువుకుంటూనే మా అత్తగారు ఇన్నేళ్ళూ కాపరం నెట్టుకొచ్చేరు.

మా ఆవిడ పురిటికి వెళ్ళింది. ఆడపిల్ల. మూడోనెలలో తీసుకొచ్చేయాల్సింది. కాని బారసాలనాడు నేనో ఘనకార్యం చేసేను. పేపర్లు దిద్దుకుంటూనే పిల్లని ఊపుకోవచ్చని, కాలి బొటనవేలికి తాడు కట్టుకుని లాగే ఉయ్యాల ఒకటి తయారుచేసి పట్టుకెళ్ళేను. కప్పీ, కొక్కెం, అన్నీ స్కేలు ప్రకారం! డ్రాయింగు మాస్టారంటే మాటలా? పిల్లని పడుకోబెట్టేముందు టెస్టు చెయ్యాలి కదా అని ఓ బూడిదగుమ్మడికాయని పడుకోబెట్టి ఊపేను. బాగానే ఊగింది. ఇంకాస్త ఊపేను. కొక్కెం ఊడింది. గుమ్మడికాయ వెళ్ళి సరిగ్గా మావగారి కాళ్ళ దగ్గర పగిలింది.

ఆయన పగిలిన కాయని చూసేరు, నన్ను చూసేరు, మా అత్తగారి చేతిలో ఉన్న పిల్లని చూసేరు.

"అల్లుడుగారూ, చంటిపిల్ల ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటుందండి" అన్నారు.

ఆ కొన్నాళ్ళు ఐదోనెల దాకా వచ్చేయి. వెళ్ళినప్పుడల్లా అడగడం, ఆయన "చూద్దావండి" అనడం. సాయంత్రం ఇంటికెళితే గోడలు మీదపడుతున్నట్టుండేది. పిల్ల బోర్లాపడిందని కబురొస్తే సంతోషం కన్నా ఏడుపే ముందొచ్చింది. బోర్లాపడుతుంటే చూసిందెవరు? నేనా? ఆయన నన్ను నమ్మడంలేదు, అదీ నా బాధ. నా చేతిమీదుగా ఒక్క వస్తువు సరిగ్గా పనిచేస్తే చాలు, పిల్లని నా చేతిలో పెడతారనిపించింది.

ఆ వస్తువేదో కిందటిసారి వెళ్ళినప్పుడు దొరికింది. మావగారికి మొదటి ముద్ద కందిపొడీ నెయ్యీ పడకపోతే భోంచేసినట్టే ఉండదు. ఆ ఇంట్లో కందిపొడి ఉండేది పాత బిస్కెట్ల డబ్బాలో. గుండ్రంగా, చిన్న డోలంత ఉంటుంది. మా అత్తగారికేమో వేళ్ళ కీళ్ళనొప్పులు. దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని వచ్చేవారు. ఆరోజు అది జారింది. కందిపొడి వంటింటి గుమ్మం నించి వసారా దాకా పరుచుకుంది. మావగారు తిట్టడానికి లేదు, మౌనం! మొహం కందగడ్డైపోయింది. మజ్జిగన్నంతోనే సరిపెట్టి లేచేరు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని చీపురుతో ఊడ్చుకుంటుంటే నా బుర్రలో దీపం వెలిగింది.

చూడండి మరి, ఆవిడ మోసుకురాకుండా ఆ పొడి ఆయనే వేసుకునేలా ఉండాలి. భోంచేసేవాడికి కుడిచెయ్యి ఎంగిలి. ఉన్నది ఎడంచెయ్యి ఒక్కటే. డబ్బా పట్టుకోవాలన్నా, మూత తియ్యాలన్నా, వంచాలన్నా, మళ్ళీ మూత పెట్టాలన్నా అన్నీ ఆ ఒక్క చేత్తోనే జరగాలి. ఇంగ్లీషువాళ్ళు బిస్కెట్లకీ, పాలపొడికీ, నశ్యానికీ ఇన్ని డబ్బాలు చేసేరు గాని, ఎంగిలిచెయ్యున్నవాడి కోసం ఒక్క డబ్బా చేసేరా? నేను చేస్తాననుకున్నాను!

డిజైను గీసేను. సన్నగా, పొడుగ్గా, మధ్యలో నడుం నొక్కు. పక్కన నాలుగు వేళ్ళూ దూర్చి పట్టుకునేందుకు రేకుతో ఓ పట్టు. బొటనవేలితో నొక్కితే మూత లేవాలి, వదిలితే దానంతటదే పడాలి. అందుకు పాడైపోయిన టైంపీసులోంచి స్ప్రింగు తీసేను. కొలతలకి ఏం చేసేననుకున్నారు? నా ఎడంచెయ్యి కాగితం మీద పెట్టుకుని చుట్టూ పెన్సిలు తిప్పేను. చెయ్యంటే చెయ్యే కదా!

బజారులో రేకుపని చేసే సుబ్బయ్య టంకం పెట్టి అచ్చుగుద్దినట్టు చేసిచ్చేడు. "మద్రాసులో కూడా ఉండదండి బాబూ ఇలాంటిది" అన్నాడు. ఇంటికి తెచ్చుకుని, అందులో బియ్యం పోసుకుని, విస్తరి ముందు కూర్చుని ప్రాక్టీసు చేసేను. నొక్కితే టక్. వదిలితే టప్. ఒక్క గింజ కిందపడితే ఒట్టు.

ఆదివారం పొద్దున్నే పడవెక్కేను. దారిపొడుగునా చేతిసంచీలోంచి డబ్బా తీసి నొక్కడం, మళ్ళీ లోపల పెట్టుకోవడం. కొక్కెం ఊడినట్టు ఇదీ ఊడితే? టక్. టప్. ఊడలేదు. మళ్ళీ భయం. పక్కనున్న పెద్దమనిషి "వంట్లో బావుందాండీ?" అని కూడా అడిగేడు.

వెళ్ళేసరికి ఇల్లంతా ఒకటే ఘుమఘుమలు. బెల్లప్పాకం, నెయ్యి. వంటింట్లో అరిసెలు తీస్తున్నారు. ఎవరింట్లో శుభకార్యమో, మా అత్తగారి నెత్తిన వేసేరు కాబోలనుకున్నాను. వీధరుగు మీద రెండు కొత్త గంపలు కూడా ఉన్నాయి. చూసేను. చూసి ఏమనుకున్నాను? ఏమీ అనుకోలేదు! నా ప్రాణమంతా సంచీలో ఉంది మరి.

మా ఆవిడ పిల్లని చంకనేసుకుని పెరటి గుమ్మం దగ్గరికొచ్చింది. పిల్ల నన్ను చూసి మొహం తిప్పేసుకుంది.

"ఏవండీ, ఒక్కమాట" అంది మా ఆవిడ గొంతు తగ్గించి. "ఇవాళ మీరు నోరు మెదపకండి. చేతులు అసలే మెదపకండి. భోంచేసి ఊరికే కూర్చోండి, చాలు. ఆ సంచీలో ఏవిటది?"

"తువ్వాలు" అన్నాను.

మావగారు పడకకుర్చీలోంచే, "రండల్లుడుగారూ. భోజనాలయ్యేక కాస్త మాట్లాడుకోవాలండి" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయేయి! మాట్లాడుకోవాలంటే ఇంకేముంటుంది? పిల్లకి పళ్ళొచ్చేక పంపుతాం, నడకొచ్చేక పంపుతాం, అక్షరాభ్యాసం అయ్యేక పంపుతాం! ఆయన నోటివెంట ఒకసారి వచ్చేస్తే ఇంక తిరుగులేదు. ఆ మాట రాకముందే డబ్బా చూపించెయ్యాలి. ఎప్పుడు? భోజనం దగ్గర! అక్కడైతే ఆయన కాదనలేరు, మౌనం కదా! ఎంత తెలివైన ఆలోచనో చూసేరా?

మా ఆవిడ పిల్లని పడుకోబెట్టడానికెళ్ళగానే డబ్బా మా అత్తగారికిచ్చి కందిపొడి నింపించేను. పాపం, ఆవిడ మురిసిపోయి, "ఆయ్, ఎంత చులాగ్గా ఉందండీ బాబూ!" అంటూ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. సన్నటి వేళ్ళు ఆవిడవి. సులువుగా దూరేయి, సులువుగా వచ్చేయి.

విస్తళ్ళు వేసేరు. మావగారు, పక్కన నేను. అన్నం, నెయ్యి వడ్డించేరు, ఇద్దరం చెయ్యి పెట్టి చిదుపుకున్నాం. మావగారి కనుబొమలు కందిపొడి కోసం లేచేయి. మా అత్తగారు డబ్బా తెచ్చి ఆయన ఎడంపక్కన పెట్టేరు. ఆయన దాన్ని చూసేరు, నన్ను చూసేరు. నేను నా ఎడంచేత్తో గాల్లో చేసి చూపించేను. వేళ్ళు ఇలా, బొటనవేలు అలా. ఆయన "ఊఁ" అన్నారు.

అప్పుడు చూసేనండీ ఆయన చెయ్యి! ఇన్నేళ్ళుగా దణ్ణం పెడుతున్నాను గాని ఆ వేళ్ళు ఎప్పుడైనా చూసేనా? ఒక్కో వేలూ ఒక్కో అరటిపండు. వద్దండీ అందామనుకునేలోపే ఆయన బలంగా తోసేరు, నాలుగూ దూరిపోయేయి. బొటనవేలితో నొక్కేరు. టక్! స్ప్రింగు అమోఘంగా పనిచేసింది. అంత జోరుగా మూత లేవడం వల్ల సగం పొడి విస్తట్లో పడింది, సగం ఆయన మొహాన పడింది. గుంటూరు మిరపకాయలు దండిగా వేసి కొట్టిన పొడి. హాచ్! ఆయన తుమ్మితే చెయ్యి ఊగింది, చెయ్యి ఊగితే ఇంకాస్త పొడి, ఆ పొడికి మళ్ళీ హాచ్!

"ఊఁ!" అన్నారు. డబ్బా దించబోయేరు. అది దిగదే! చెయ్యితోపాటే వచ్చింది. విదిలించేరు. చెయ్యితోపాటే వెళ్ళింది.

"ఊఁహూఁ!"

గబుక్కున అందుకుని లాగుదామంటే నా కుడిచెయ్యి కూడా ఎంగిలే. ఆయనకి ఎడంచెయ్యే, నాకూ ఎడంచెయ్యే. అలాగే లాగేను. ఆయన అటు, నేను ఇటు, మధ్యలో డబ్బా. మా అత్తగారు "అయ్యో అయ్యో" అంటూ నూనెగిన్నె తెచ్చి ఆ వేళ్ళమీద ధారగా పోసేరు. ఆ అలికిడికి మా ఆవిడ పిల్లతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడ మొహంవైపు చూసే ధైర్యం నాకు లేక ఇంకా గట్టిగా లాగేను. పట్టు వంకరపోయి, చెయ్యి ఒక్కసారి జారింది. డబ్బాతోపాటు నేను వెనక్కెళ్ళి పులుసుగిన్నెలో కూర్చున్నాను.

పిల్ల కిలకిలా నవ్వింది. అది నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

మావగారు వేళ్ళు చూసుకున్నారు. విస్తరి చూసుకున్నారు. కారానికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు నోరు విప్పేరండీ!

"అల్లుడుగారూ! మీరూ, మీ డబ్బా, మీ ఆవిడా, మీ పిల్లా ముందు పడవెక్కండి!"

మా అమ్మాయి అనలేదు, గమనించేరా? మీ ఆవిడ! అని, విస్తరి వదిలి లేచి వెళ్ళిపోయేరు. మా అత్తగారు గోడకి చేరబడిపోయేరు. "నేను కాపరానికొచ్చింతర్వాత ఆయన అన్నం దగ్గర నోరు విప్పడం ఇదేనండీ" అన్నారు.

నాకెందుకో అప్పుడు పౌరుషం వచ్చింది. "డబ్బాలో లోపం లేదండత్తయ్యగారూ! నా చేతికి సరిగ్గా సరిపోతుంది, చూడండి" అని నాలుగు వేళ్ళూ దూర్చేను. దూరేయి. ఇందాకటి లాగుడుకి పట్టు వంకరపోయిందని మరిచిపోయేను. రాలేదు.

"ఇంక ఆలస్యం చెయ్యకండి బాబూ. ఆయన నోటివెంట వచ్చేసింది, ఆగడానికి లేదు. పడవొచ్చే వేళైంది" అన్నారు మా అత్తగారు కళ్ళొత్తుకుంటూ.

మరి కాస్సేపటికి పడవలో ఉన్నాం. నా పంచెకి పులుసు, ఎడంచేతికి డబ్బా, పక్కన మా ఆవిడ, ఒళ్ళో పిల్ల. చెయ్యి ఆడించినప్పుడల్లా డబ్బాలో మిగిలిన పొడి గరగరమంటే పిల్ల నవ్వుతోంది. నిజం చెప్పొద్దూ, నా ప్రాణం లేచొచ్చింది. ఎలాగైతేనేం, ఇద్దరూ నాతో వస్తున్నారు! మా ఆవిడ గట్టుకేసి చూస్తూ కూర్చుంది. నేనే ఉండబట్టలేక అన్నాను.

"చూసేవా? ఇన్నాళ్ళు బతిమాలితే చూద్దావన్న మనిషి, నా డబ్బా ధర్మమా అని ఒక్క పూటలో పంపించేసేరు!"

ఆవిడ నావైపు తిరిగింది.

"నాన్నగారు నిన్ననే పంచాంగం చూసేరండి" అంది. "ఇవాళ మంచిదని, భోజనాలయ్యేక మీకు చెప్పి, మీతో పంపిద్దామని. అమ్మ తెల్లారకుండా లేచి అరిసెలు తీసింది, చలిమిడి కలిపింది. అరుగుమీద గంపలు సారెకేనండి. మీకు కనబడలేదూ?"

"మరి... నాకు చెప్పలేదేం?"

"ఆ మాట నాన్నగారే స్వయంగా చెబుతానన్నారు. అందుకే కదండీ, నోరూ చేతులూ మెదపకండని మీతో అంత చెప్పేను!"

మావగారు పడవెక్కమన్నవాటిలో గంపల్లేవు, మా అత్తగారు ఎత్తించలేదు. గంపలు తెచ్చుకుందామా అందామనుకున్నాను. వెళ్ళగొట్టించుకున్నవాడు వెనక్కెళ్ళి అరిసెలిమ్మని ఏ మొహంతో అడుగుతాడు? మా ఊరు రేవు దిగేక సుబ్బయ్య కత్తెరతో పట్టు కత్తిరించి నా చెయ్యి బయటికి తీసేడు. మద్రాసు మాట ఎత్తలేదు.

అదండీ సంగతి. మా అత్తవారింటి నించి సారె కింద వచ్చింది ఇదిగో, ఈ డబ్బాలో మిగిలిన కందిపొడే. అడిగేరు కదా, పంచుతాను, చేతులు పట్టండి. అదేంటి, అందరూ లేస్తున్నారు? కూర్చోండి మాస్టారూ! డబ్బా మీరు పట్టుకోనక్కర్లేదు, నేనే... హాచ్!