ఎవరో కట్టేసిన చలాన్

రెండు వేల ఇరవై నాలుగు, ఆషాఢం. మణికొండలో ఒక మందుల షాపు పైన మొదటి అంతస్తులో నా ఆఫీసు. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ లాయరుగా స్థిరపడి పద్దెనిమిదేళ్లయింది. కిరాయి తగాదాలు, చెక్ బౌన్సులు, ట్రాఫిక్ కేసులు, నా ప్రాక్టీసంతా ఇంతే. ఈ వృత్తి మనిషికి అంటించే జబ్బు అనుమానం. వంకాయలు లేతగా ఉన్నాయని మా ఆవిడ అన్నా ఎక్కడ కొన్నావు, ఎన్నింటికి కొన్నావు అని అడుగుతాను. ఇంట్లో నా పేరు క్రాస్ ఎగ్జామినేషన్.

ఒక శనివారం సాయంత్రం సెక్యూరిటీ గార్డు యూనిఫారంలో ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పేరు అనసూయ, పుట్టి పెరిగింది పుప్పాలగూడలోనే. హైటెక్ సిటీలో ఒక ఐటీ బిల్డింగు దగ్గర లేడీ గార్డు. ఆడవాళ్లు లోపలికొచ్చే గేటు దగ్గర బ్యాగులు చూసే పని. ఆ గేటుకు ఆ షిఫ్టులో ఆమె ఒక్కతే. రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

మొదటిది ఇ-చలాన్. ట్రాఫిక్ పోలీసులు ఫొటో తీసి బండి నంబరు మీద ఆన్‌లైన్‌లో వేసే జరిమానా. రాంగ్ పార్కింగ్, మాదాపూర్ లోపలి రోడ్డు, ఉదయం పదకొండూ పది. ఫొటోలో ఆమె స్కూటర్ వెనక భాగం, నంబరు ప్లేటు, పక్కన ఒక గోడ, అంతే. మనిషి లేడు. రెండోది ఆమె పనిచేసే ఏజెన్సీ ఇచ్చిన మెమో. డ్యూటీ టైములో పోస్టు వదిలి బయటికి వెళ్లినట్టు చలాన్ వల్ల తెలిసింది, ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో వారంలోగా చెప్పమని.

"చలాన్ సంగతి వాళ్లకెలా తెలిసింది?" అన్నాను.

"పార్కింగ్ పాసులు కొత్తయి ఇస్తున్నరు సార్. పెండింగ్ చలాన్లు ఉంటె పాస్ ఇయ్యరు. మా నంబర్ కొట్టి చూసిన్రు. టైమ్ చూసి ఆఫీసుకు చెప్పిన్రు."

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"కోర్టుల కేసు ఎయ్యాలె సార్. నేను యాడికి పోలే."

పద్దెనిమిదేళ్లుగా ఈ ఊరి చలాన్లు చూస్తున్నాను, ఇంత చిన్న దానికి కోర్టుకెళ్తానన్నవాళ్లు వేళ్ల మీద లెక్క. దానిని కంటెస్ట్ చెయ్యడమంటారు, అంటే నేరం ఒప్పుకోకుండా మేజిస్ట్రేటు ముందు వాదించడం. ఒకటికి రెండు వాయిదాలు తప్పవు. వాయిదా అంటే ఆమెకు ఒక రోజు డ్యూటీ పోవడం, ఆ మాటా చెప్పాను. పైగా బండి అక్కడ ఉన్నమాట ఫొటోలోనే ఉంది, నోటీసు యజమాని పేరు మీదే వస్తుంది. బలమైన కారణం లేకుండా ఎవరూ ఇంత పట్టు పట్టరు. ఆ కారణం ఈమె దాస్తోందని నాకు గట్టిగా అనిపించింది.

ఇక మొదలుపెట్టాను. తాళం ఎక్కడ పెడతావు? బేస్‌మెంట్‌లో బండ్లు ఒకదాని వెనక ఒకటి ఇరికించి పెడతారట, అవసరమైతే జరపడానికి స్టాఫు అందరి తాళాలూ గార్డు రూములో ఒక చెక్క బోర్డుకు తగిలించాలట. రెండో తాళమేదీ? పోయిందట. ఎప్పుడు? గుర్తులేదట. మీ ఆయనేం చేస్తాడు? ప్లంబింగ్ పని. ఆ రోజు ఎక్కడున్నాడు? కోకాపేటలో. ఎవరు చూశారు? ఇలా ఒక అరగంట. పోయిన తాళం దగ్గర నా అనుమానం కుదురుగా కూర్చుంది. మొగుడో తమ్ముడో ఆ తాళంతో బండి తీసి ఉంటాడు, లేదా ఈమే వెళ్లి ఉంటుంది.

వెళ్లబోతూ ఆమె ఒక మాట చెప్పింది. "మా ఫీల్డ్ ఆఫీసర్ ప్రభాకర్ సార్ మంచిగనె చెప్పిండు. చలాన్ పైసలు నేనే కడత, నువ్వు అర్జంట్ పని మీద పోయిన, తప్పయింది అని ఒక్క కాయితం రాసియ్యి, ఆఫీసుల నేను మాట్లాడత అన్నడు. నేను పోలేదు గద సార్, ఎట్ల రాసిస్త?" ఫీల్డ్ ఆఫీసర్ అంటే నాలుగైదు బిల్డింగుల గార్డుల మీద తిరిగే పైఅధికారి. పాపం ఎవరో మంచివాడు అనుకున్నాను. సోమవారం రమ్మన్నాను, కోర్టా కాదా అప్పుడు తేలుద్దామని.

సోమవారం పొద్దున ఆమె రాకముందే చలాన్ వెబ్‌సైటులో ఆమె బండి నంబరు కొట్టాను. పెండింగ్ ఏమీ లేదు. ఆదివారం మధ్యాహ్నం కట్టినట్టుంది.

నాకు ఒళ్లు మండింది. కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. కోర్టుకు పోవడానికిక కేసు లేదు. మెమోకు జవాబు కూడా లేదు. ఆమె రాగానే, "కోర్టు కోర్టు అని నా ప్రాణం తీసి, ఇంటికెళ్లి కట్టేశావా?" అన్నాను.

"నేను కట్టలే సార్."

"మరి ఎవరు కట్టారు, మీ ఆయనా?"

"ఆయనకు చలాన్ వచ్చిందని గూడ చెప్పలే. పరేషాన్ అయితడని." ఫోను నా ముందు పెట్టింది. "చూస్కోండ్రి." అందులో డబ్బు కట్టే యాపులేవీ లేవు. కరెంటు బిల్లు కూడా వీధిలో మీ-సేవకు వెళ్లి కడుతుందట.

చలాన్ ఎవరైనా కట్టవచ్చు. బండి నంబరు తెలిస్తే చాలు, యజమానే కానక్కర్లేదు. కానీ హైదరాబాదులో తన చలాన్ తానే కట్టడు మనిషి. ప్రభుత్వం ఎప్పుడో రాయితీ ఇస్తుందని ఏళ్లకేళ్లు ఎదురుచూస్తాడు. అలాంటి ఊళ్లో ఆదివారం పూట తీరిగ్గా కూర్చుని ఇంకొకరి చలాన్ కట్టేదెవడు? ఆ ప్రశ్న వేసుకున్నాక నా అనుమానం ఆమెను వదిలి ఇంకో గుమ్మం వైపు తిరిగింది.

ఆ రోజే ఏజెన్సీకీ బిల్డింగు మేనేజర్‌కీ ప్రిజర్వేషన్ నోటీసు పంపాను. సాక్ష్యం చెరిగిపోకుండా దాచి ఉంచమని అడిగే ఉత్తరం అది. కెమెరా రికార్డింగు కొన్ని వారాల తర్వాత దానంతట అదే చెరిగిపోతుంది. అందుకే బేస్‌మెంట్ గేటు, ఆడవాళ్ల గేటు, రెండింటి రికార్డింగూ ఆ రోజుది దాచమన్నాను. చలాన్ కట్టింది మా క్లయింటు కాదనీ, ఆ రోజు బోర్డు మీంచి తాళం తీసిందెవరో చెప్పాలనీ, లేకపోతే కోర్టు ద్వారానే అడుగుతామనీ రాశాను.

నోటీసు అందిన మర్నాడే ప్రభాకర్ నా ఆఫీసుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీట్ల డబ్బా. డబ్బా చూడగానే నా లోపలి లాయరు నిటారుగా కూర్చున్నాడు.

"గింత చిన్నదానికి నోటీసులెందుకు సార్. చలాన్ నేనే కట్టిన, గరీబు మనిషని."

"ఆమెకు చెప్పి కట్టారా?"

"చెప్తె వద్దంటది సార్, మొండి మనిషి. మెమో సంగతి నేను చూస్కుంట. ఫికర్ చెయ్యకుండ్రి."

"తప్పు చేసినప్పుడు శిక్ష పడాలి కదండీ," అన్నాను, ఆయన వైపే ఉన్నట్టు. "నో పార్కింగ్‌లో బండి పెడితే ఎలా?"

"ఆడ బోర్డు కనబడదు సార్, చెట్టు అడ్డముంటది. బండి పెట్టి అటు తిరిగి చూస్తె గాని తెల్వదు."

నేను ఫొటో ఆయన ముందుకు జరిపాను. స్కూటర్ వెనక భాగం, నంబరు ప్లేటు, గోడ. చెట్టూ లేదు, బోర్డూ లేదు.

"మీరెప్పుడు చూశారు ఆ బోర్డు?"

ఆయన ఫొటో వెనక్కి జరిపాడు. ఆ రోడ్డు మీద పోతుంటానన్నాడు. తర్వాత ఆఫీసులో పని ఉందని లేచాడు. స్వీట్ల డబ్బా మళ్లీ ఆయన చేతికే ఇచ్చాను.

రికార్డింగు బిల్డింగు మేనేజర్ దగ్గర భద్రంగానే ఉంది. ఆయన మాకు చూపించాడు. పదకొండుకు కాస్త ముందు ప్రభాకర్ అనసూయ స్కూటర్ మీద బేస్‌మెంట్ గేటు దాటాడు, ముక్కాలు గంట తర్వాత తిరిగొచ్చాడు. బోర్డు మీద చేతికందిన తాళం తీసుకుని టిఫినుకు వెళ్లి రావడం ఆయనకు అలవాటేనని గార్డులు అప్పుడు నోరు విప్పారు. ఇంకో కెమెరాలో అదే ముక్కాలు గంటా అనసూయ గేటు దగ్గర నిలబడి బ్యాగులు చూస్తోంది. ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఏజెన్సీ మెమో వెనక్కి తీసుకున్నట్టు రాసి ఇచ్చింది. ప్రభాకర్‌ను వేరే బిల్డింగులకు మార్చారు. క్షమించమని మాత్రం ఆమెతో ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదని ఆ రోజు నాకు తోచనే లేదు.

కాగితం చూపించడానికి ఆమె వచ్చినప్పుడు అడిగాను. "కట్టింది నువ్వు కాదని తేలింది కాబట్టి ఇప్పుడు చలాన్‌ను తిరిగి తెరిపించమని కోర్టులో అడగవచ్చు. వాదిద్దామా?"

"ఇగ వద్దు సార్. నౌకరి ఉన్నది, చాలు."

"మొదట్లో అంత పట్టు పట్టావు కదమ్మా. రోజు కూలి పోతుందన్నా వినలేదు. కోర్టే ఎందుకన్నావు?"

ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "మెమోల నువ్వు పోయినవ్ అనే రాసిన్రు సార్. ప్రభాకర్ సార్ గూడ, నేను పోయిన అని రాసియ్యమన్నడు. కోర్టుల అయితె జడ్జి అడుగుతడంట గద, నువ్వు తప్పు చేసినవా లేదా అని. మా అక్క కొడుకు చెప్పిండు. గా ఒక్క మాట అడిగినోళ్లు లేరు నన్ను. మీరు గూడ అడగలే."

నేను ఆ శనివారాన్ని గుర్తు చేసుకున్నాను. తాళం ఎక్కడని అడిగాను, మొగుడు ఎక్కడని అడిగాను, ఎవరు చూశారని అడిగాను. ఆ మాట మాత్రం అడగలేదు. నిజంగానే అడగలేదు. ఆమె ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా, కాగితాలు బయటికి తీయకముందే ఆ మాట అడుగుతున్నాను. జవాబు నమ్ముతానా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు వాళ్లు చెప్పేది పూర్తిగా వింటున్నాను.