పదిహేడో మైలు దగ్గర ఎక్కిన ప్రయాణికురాలు

మా బావ కండక్టరు, నేను అదే బస్సుకు డ్రైవరుని. అక్కనిచ్చిన పాపానికి పదహారేళ్లు ఆయన ఈల వేస్తే కదిలాను, ఈల వేస్తే ఆగాను. ఊళ్లో ఆయన్ని రూళ్లకర్ర అంటారు. ముఖం మీద అనరు, నేను అంటాను. మేకకు టికెట్, గోడగడియారానికి టికెట్. ఒకసారి అన్నం క్యారియర్ అందించడానికి బస్సు మెట్టెక్కిన మా అక్కకు కూడా టికెట్ కొట్టాడు. ఆ సాయంత్రం ఆయనకు ఇంట్లో మంచినీళ్లు పుట్టలేదు.

మా బస్సు సరిహద్దు గేటు దాటి అవతలి దేశం దాకా వెళ్లేది. గేటు పంతొమ్మిదో మైలు దగ్గర. ఆరేళ్ల కిందట ఒకరోజు, పదిహేడో మైలు దగ్గర, కుట్టుపని చేసుకునే ఒకమ్మాయికి వెనక సీట్లో నొప్పులొచ్చాయి. బండి పక్కకు తీసి ఆపాను. ప్రయాణికుల్లో ఉన్న ఒక నర్సమ్మ పురుడు పోసింది. ఆడపిల్ల. అందరం హమ్మయ్య అనుకునేలోపే మా బావ టికెట్ల కట్ట తీసి పసిగుడ్డుకు అర టికెట్ కొట్టాడు.

"బావా, నీకు బుద్ధుందా? బొడ్డు కోసి నిమిషం కాలేదు!"

"ఎక్కింది నలభై ఒక్కమంది. నలభై రెండో తల ఎక్కణ్ణించి వచ్చిందని గేటు దగ్గర అడిగితే నువ్వు చెప్తావా? బండి తియ్యి."

ట్రిప్పు షీట్లో కూడా రాశాడు: ఎక్కిన చోటు, పదిహేడో మైలు. బస్సంతా ఆయన మీద దుమ్మెత్తిపోసింది.

దగ్గరి ఆసుపత్రి గేటు అవతలే ఉంది కాబట్టి తల్లీబిడ్డల్ని అక్కడ చేర్చాం. చిక్కు అక్కడే పడింది. ఆసుపత్రి చీటీ మీద అవతలి దేశం ముద్ర. పిల్లను బడిలో వేయబోతే, ఇక్కడే పుట్టినట్టు రుజువు తెమ్మంది మా పౌరసత్వం ఆఫీసు. పుట్టాక మోసుకొచ్చిన పిల్ల మాకెందుకన్నారు అవతలివాళ్లు. వారంలో రుజువు చూపకపోతే దానికి బడీ లేదు, దేశమూ లేదు.

తల్లి ఏడుస్తూ మా బావ ఇంటికొచ్చింది. టికెట్ ఎప్పుడో ఉతుకుల్లో నానిపోయిందట. అప్పటికి రిటైరైన బావ, డిపో గోదాములో మూడు రోజులు దుమ్ము మింగి ఆ పాత ట్రిప్పు షీటు పట్టుకొచ్చాడు. పక్కన నిలబడి తుమ్మింది నేను.

నలుగురం ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరు ఆ షీటును తిరగేసి, బోర్లేసి చూశాడు.

"ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్టే లేదు కదండీ. కొట్టకూడని టికెట్ కొడితే ఈ ఎంట్రీ చెల్లదు. పిల్ల మీ బస్సులో అక్కడే పుట్టింది, టికెట్ కొట్టిన తప్పు నాదేనని రాసి సంతకం పెట్టండి, దాన్ని మీ సాక్ష్యంగా తీసుకుంటాను. నకలు మీ డిపోకి వెళ్తుంది మరి."

మా బావ ముఖం మాడిపోయింది. 'ఒక్క తప్పూ లేని సర్వీసు' అని డిపో ఇచ్చిన పత్రం వాళ్లింట్లో పెళ్లి ఫొటో కంటే ఎత్తున వేలాడుతోంది. దాని మీద ఈగ వాలనివ్వడు. కూరలో ఉప్పు ఎక్కువేసినా ఉప్పుదే తప్పనే రకం.

పిల్ల కుర్చీలో కాళ్లూపుకుంటూ కూర్చుంది. బడికని కొన్న కొత్త సంచి వీపు మీంచి దించలేదు. బావ దాని వంక చూసి కలం తీశాడు. 'తప్పు నాదే' అని రాశాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు, మా అక్కా వినలేదు. నాకు కళ్లు తడిశాయి. ఇది చూడ్డానికి అక్క పక్కన లేకపాయెనే అన్న బాధ అంతకంటే ఎక్కువ.

"రూల్స్ ఇంత బాగా తెలిసినవారు, ఆ రోజు ఎందుకు కొట్టారండీ?" అన్నాడు ఆఫీసరు.

"వీళ్లిద్దర్నీ ఇక్కడే దింపేసి పోదాం, ఆలస్యమవుతోందని వెనకాల ఇద్దరు ముగ్గురు గొణుగుతున్నారు సార్. తల్లికి టికెట్ ఉంది, పిల్లకి లేదు. టికెట్ ఉన్న మనిషిని నా బస్సులోంచి ఎవడూ దింపలేడు."

స్టీరింగ్ ముందున్న నాకు ఆ గొణుగుడు వినబడనే లేదు. ఆరేళ్లు ఈ కథ ఊరంతా చెప్పి నవ్వించాను. సిగ్గుతో తల దించుకున్నాను.

ఆఫీసరు ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. పిల్ల కాగితం మీద ముద్ర వేసి దాని చేతికే ఇచ్చాడు.

లేచి వస్తుంటే మా బావ ఆగాడు. తప్పు ఒప్పుకున్న కాగితానికి రసీదు అడిగాడు.