తెలుగులో లోపలికి, ఒడియాలో బయటికి

ఇది రాయకుండా వదిలేద్దామనే చాలా రోజులు అనుకున్నాను. మా మేస్త్రి పోయి నెల దాటింది. చమురు ట్యాంకులు కడిగే ముఠాకి మేస్త్రిగా బతికిన మనిషి గురించి ఎవరు చదువుతారు, చదివి ఏం చేసుకుంటారు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరే ఉంది. అదీ ఇందులోనే వస్తుంది, కాస్త ఓపిక పట్టండి. దేన్నీ తిన్నగా చెప్పలేనని మా ఆవిడ బతికున్నంత కాలం అంటూనే ఉండేది.

కబురు వచ్చేసరికి నేను రాజాంలో కళ్ళద్దాల కొట్టులో ఉన్నాను. ఎదురుగా గోడ మీద అక్షరాల అట్ట. కొట్టాయన "కింది వరస చదవండి" అంటున్నాడు. ఫోను మోగింది. మేస్త్రి పెద్దకొడుకు.

"బావా, మా అయ్య ఎలిపోనాడు. పొద్దున్న అంబలి తాగేడు, గోడకి జేరబడ్డాడు, మరి లెగలేదు. ముందు నీకే సెప్పమన్నాడు ఎప్పుడో. గోడ మీద నీ నంబరు బొగ్గుతో రాసుకున్నాడు."

సరే అని ఫోను పెట్టేశాను. కింది వరస చదవబోతే పై వరస కూడా కనిపించలేదు. కొట్టాయన ఏమనుకున్నాడో, అద్దం నంబరు పెంచేశాడు. ఇప్పుడు ఆ అద్దాలతోనే రాస్తున్నాను. అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువే కనిపిస్తోంది.

బావ అన్నాడు కదా అని మాకు చుట్టరికం అనుకోకండి. ఆయనది పాతపట్నం అవతల, ఒడిశాని ఆనుకున్న ఊరు. మాది రాజాం దగ్గర. ముఠాలో చేరిన రోజున ఆయన నన్ను "ఒరే అల్లుడా" అన్నాడు, నేను "మావా" అన్నాను. ఆ ఒక్కమాటతో వాళ్ళ పిల్లలందరికీ బావనైపోయాను. మా వైపు చుట్టరికాలు అంత చవక, అంత గట్టి.

వరి కోతలయ్యాక చేతులకి పని ఉండేది కాదు. ముఠాగా రైలెక్కి, చమురు నిలవుంచే డిపోలు ఎక్కడుంటే అక్కడికి పోయేవాళ్ళం. ట్యాంకు చూడనివాళ్ళు నాలుగంతస్తుల మేడంత ఇనప గుండిగని ఊహించుకోండి. ఏళ్ళ తరబడి చమురు నిలవుంటే అడుగున మడ్డి పేరుతుంది. చమురు తోడేశాక, కింద మనిషి వంగి దూరేపాటి గుండ్రటి మూత విప్పుతారు. డిపోవాళ్ళు దాన్ని మ్యాన్‌హోల్ అనేవారు, మేము కన్నం అనేవాళ్ళం. అందులోంచి దూరి, మోకాలి లోతు మడ్డిలో నిలబడి, బకెట్లకెత్తి బయటికి అందించాలి. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నది ఆ ట్యాంకుల పక్క బోర్డుల మీదే. అందుకని నాకొచ్చిన ఇంగ్లీషంతా వద్దు, ఆగు, ముట్టుకోకు, చస్తావు. తరవాత సంసారానికి కూడా అదే సరిపోయింది.

మేస్త్రి పని కన్నం పక్కన కూర్చోవడం. అంతే. పార పట్టడు, బకెట్ మొయ్యడు. కొత్తలో నాకు ఒళ్ళు మండేది. ఆయన కళ్ళు మాత్రం కన్నం మీంచి తిప్పడు. ఈగ వాలినా విదిలించుకోడు. లోపలికి వెళ్ళేవాళ్ళని "ఒకటి, రెండు, మూడు" అని తెలుగులో లెక్కపెట్టేవాడు. బయటికి వచ్చేవాళ్ళని "ఎకొ, దుయి, తిని" అని ఒడియాలో.

"ఇదేటి మావా, రెండు బాసలేటి?" అని అడిగాను.

"ఒకే బాసలో రెండు లెక్కలెడితే కలిసిపోతాయిరా. ఎల్లినోడి లెక్క ఎల్లినోడిదే, వచ్చినోడి లెక్క వచ్చినోడిదే."

"మరి ఒడియావోడే లోనకెల్తే?"

"ఆడు బయటికొచ్చినాక ఆడితోటే సెప్పిస్తాను. నువ్వు నడు."

పొద్దున్నే బీడీలు, అగ్గిపెట్టెలు అన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో వేయించి తాళం పెట్టేవాడు. ఒకసారి ఒకడు తలపాగాలో అగ్గిపెట్టె దాచుకున్నాడు. మేస్త్రి వాణ్ణి తిట్టలేదు. మధ్యాహ్నం రైలుకి పులిహోర పొట్లం కట్టించి ఇచ్చి, "ఊరెల్లి నీ పెల్లాం ముందు ముట్టించుకో, ఆవిడొక్కర్తే కదా నిన్ను సూసి ఏడిసేది" అన్నాడు. వాడు రైలెక్కేదాకా ఇది హాస్యమే అనుకున్నాడు.

ఆయన జేబులో ఎప్పుడూ చమురు తుడిచిన గుడ్డ ఉండేది. దాన్ని నేల మీద పారెయ్యడు. మేము పారేస్తే ఏరుకొచ్చి, "నేల నిన్నేటి సేసిందిరా?" అని అడిగేవాడు. జవాబు చెప్పేదాకా ముందు నిలబడేవాడు. ఎవడైనా ఏం చెప్తాడు? ఒకసారి కాంట్రాక్టరు మనిషి వచ్చి, మడ్డిని పీపాలకెత్తి డిపోవాళ్ళు తవ్విన గుంటదాకా మోయడమెందుకు, గోడవెనక కాలవలో గుమ్మరించెయ్యండి అన్నాడు. మాకు పండగే. మేస్త్రి గోడెక్కి అటువైపు చూశాడు. దిగివచ్చి, "ఆ నీల్లు ఎటెల్తన్నాయో సూసొస్తాను బాబూ, అప్పటిదాకా ఆగు" అని నడిచిపోయాడు. సాయంత్రానికి వచ్చాడు.

"కిందన గేదెలు తాగతన్నాయి. ఒక ముసిల్ది బట్టలుతుకుతన్నాది. నువ్వెల్లి ఆవిడికి సెప్పేసిరా, నాను గుమ్మరిస్తాను."

కాంట్రాక్టరు మనిషి వెళ్ళలేదు. మేము ఇంకో మూడు రోజులు పీపాలు మోశాం, మోస్తూ ఆయన్ని తిట్టుకున్నాం. ఆయన వింటూనే ఉన్నాడు.

ఆయన చెప్పినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ముక్కు సంగతి. మడ్డిని కదిపితే అందులోంచి విషగాలి లేస్తుంది. మొదట కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఆ పైన ఏ వాసనా ఉండదు. "వాసన ఆగిపోయిందంటే గాలి బాగుపడిందని కాదురా, నీ ముక్కు సచ్చిపోయిందని. తరవాత నీ వొంతే" అనేవాడు. అందుకే పొద్దున ఒకసారి, అన్నాలు తిన్నాక మళ్ళీ ఒకసారి, డిపో ఆఫీసరు మీటరు తెచ్చి గాలి కొలిస్తే తప్ప ఎవరినీ దూరనిచ్చేవాడు కాదు. నడుముకి తాడు లేనిదే అసలే దూరనిచ్చేవాడు కాదు. ఈ మాట నేను వందసార్లు విన్నాను. నిద్రలో అడిగినా అప్పజెప్పేవాణ్ణి.

ఇక తిన్నగా చెప్తాను.

ఆ ఏడు మా చిన్నాన్న కొడుకుని కూడా ముఠాలోకి తీసుకెళ్ళాను. పాతికేళ్ళు ఉంటాయి వాడికి. పిన్ని పంపనంది. "నా పక్కనే ఉంటాడు పిన్నీ" అని నేనే చెప్పి తీసుకెళ్ళాను. అప్పటికి మేము మేస్త్రి కాక ఆరుగురం.

ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాయి. మీటరు ఆఫీసరు రాలేదు. మేస్త్రి ఇద్దరిని పంపితే "వస్తున్నాను పొండి" అని తిప్పి పంపాడు. చివరికి తనే లేచాడు. నన్ను తన చోట కూర్చోబెట్టాడు.

"అల్లుడా, నానొచ్చేదాకా ఎవుడూ లోనకెల్లకూడదు. నీ కల్లు ఈ కన్నం మీదుండాల."

"సరే మావా."

మిగతా నలుగురూ ట్యాంకు అవతల, మేము కనిపించని చోట, కుళాయి దగ్గర గిన్నెలు కడుక్కుంటున్నారు. తమ్ముడు వచ్చాడు. పొద్దున తన టార్చిలైటు లోపల మర్చిపోయాడట. ఆఫీసరు చూస్తే తిడతాడు, ఆయన వచ్చేలోగా తెచ్చేసుకుంటానన్నాడు. వద్దన్నాను. వాడు కన్నంలో తల పెట్టి చూసి, నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"వాసనే లేదన్నా. తేటగా ఉన్నాది. ఒక్క నిమిసం."

"బేగి రా మరి" అన్నాను.

నాకు కంఠతా వచ్చిన మాట నోటిదాకా కూడా రాలేదు. నా తమ్ముడు కదా, ఒక్క నిమిషం కదా అనుకున్నాను. తాడు కట్టుకోమని కూడా అనలేదు. వాడు పది అడుగులు వేశాడు. టార్చి కోసం వంగాడు. అలిసిపోయినవాడిలా కూర్చున్నాడు. తరవాత పక్కకి ఒరిగాడు.

నేను కన్నంలో ఒక కాలు పెట్టాను. వెనక నుంచి ఎవరో నడుం పట్టుకుని లాగారు. మేస్త్రి. మనసొప్పక, ఆఫీసరు దాకా వెళ్ళకుండా సగం దారిలోంచే తిరిగొచ్చాడు. నన్ను నేలకేసి కొట్టి, ఛాతీ మీద కూర్చున్నాడు. వీపున గాలి సిలిండర్లు తగిలించుకుని లోపలికి దూరే డిపో మనుషుల కోసం అరుస్తున్నాడు. నేను ఆయన చెయ్యి కొరికాను, రక్తం వచ్చింది, వదల్లేదు.

"ఒకడు సాలు. ఒకడు సాల్రా అల్లుడా."

సిలిండర్లు తగిలించుకున్నవాళ్ళు వచ్చి వాణ్ణి బయటికి తెచ్చేసరికి అయిపోయింది. ఆ సాయంత్రం మేము వ్యానెక్కుతుంటే మేస్త్రి లెక్కపెట్టాడు. ఎకొ, దుయి, తిని, చారి, పాంచొ. అక్కడ ఆగాడు.

మర్నాడు విచారణలో కన్నం దగ్గర ఎవరున్నారని అడిగారు. నేను నోరు విప్పేలోగా ఆయన చెయ్యెత్తాడు.

"నానే బాబూ. కునుకట్టీసింది."

అంతే. ఒక్క వాక్యంతో అయిపోయింది. ఆయనకి మరి ఏ కాంట్రాక్టరూ ముఠా ఇవ్వలేదు. రైలు ప్లాట్‌ఫారం మీద నేను ఏడుస్తూ ఎందుకలా చెప్పావని అడిగితే, "నువ్వు మీ పిన్నున్న ఊర్లో బతకాల. నాను మా ఊరెలిపోతాను" అన్నాడు.

పెద్దకర్మ రోజున పిలవకుండానే మా ఊరొచ్చాడు. పిన్ని వాకిట్లో నిలబెట్టి, "నా కొడుకుని కన్నంలో తోసీసి తొంగున్నావా? నీకు నిద్దరట్టకపోను!" అని దుమ్మెత్తి పోసింది. ఆయన చేతులు కట్టుకుని తల మీద దుమ్ముతో నిలబడ్డాడు. నేను పశువుల సాలలో రాట వెనక ఉన్నాను. నాకూ ఆయనకీ మధ్య ఇరవై అడుగులుంటాయి. నేను నడవలేదు.

ఆ తరవాత ఆయన ఒక జీడితోటకి కాపలా ఉన్నాడు. ఏటా శివరాత్రి తరవాత శ్రీముఖలింగంలో కలుసుకునేవాళ్ళం. వంశధార ఇసకలో కూర్చుని పకోడీలు తినేవాళ్ళం. పొట్లం కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఒకసారి, పిన్నికి చెప్పేస్తాను మావా అన్నాను.

"ఎవుడికోసం సెప్తావు? ఆవిడికోసమా, నీకోసమా? ఆలోసించి సెప్పు."

ఆ ఏడంతా ఆలోచించాను. పై ఏడు కూడా. ఆలోచించడం సుఖంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ముఠాలో మిగతా నలుగురూ తలో దిక్కు అయ్యారు, ఇద్దరు పోయారు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆ మధ్యాహ్నం సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఇప్పుడు ఒక్కడికే తెలుసు. కబురు విన్నాక నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, బెదురు. ఖాళీ ట్యాంకులో గట్టిగా మాట్లాడితే మన గొంతే తిరిగొచ్చి మనకి తగులుతుంది, అలాంటిది.

దహనమయ్యాక ఆయన కొడుకు నన్ను పక్కకి పిలిచాడు.

"ఒక మాటడుగుతాను బావా. ఊర్లో అందరూ మా అయ్యని నిద్దర మేస్త్రి అనీవోరు. పిల్లలు కూడా. మా అయ్య పగలు కన్ను మూసింది నానెప్పుడూ సూడలేదు. నువ్వక్కడున్నావు కదా. నిజంగా తొంగున్నాడేటి?"

చెప్పాను. విన్నంతసేపూ తువ్వాలు అంచు లాక్కుంటూ కూర్చున్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"మా అమ్మ ఉండగా సెప్పుంటే బాగున్ను" అన్నాడు. లేచాక, "మరి మీ పిన్నికి?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. పిన్నికి ఎనభై దాటాయి, చెవులు బాగానే వినిపిస్తాయి. అరుగు మీద చేట ముందు పెట్టుకుని చింతపండులో పిక్కలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, మేస్త్రి పోయాడని చెప్పాను. "పోనీ" అంది. అప్పుడు మిగతాది చెప్పాను. మీటరు, టార్చిలైటు, బేగి రా అన్నది. అన్నీ. ఆవిడ చేతులు ఆడుతూనే ఉన్నాయి. కన్నం దగ్గర కూర్చున్నది నేనే అన్నప్పుడు ఆగాయి.

"ఆ మనిసి నా వాకిట్లోకొచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"సాలలో. రాట ఎనకాల."

పిన్ని చేతులు చీరకి తుడుచుకుంది. గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ వేసిన చప్పుడు వినిపించింది.

కాసేపు కూర్చున్నాను. ఒక కోడి అరుగెక్కి చేటలో ముక్కు పెట్టింది. అదిలించాను. నాలుగున్నర బస్సు వచ్చింది, ఎక్కాను.