సాయంత్రం తీసిన కాలు

షుగరు ముదిరి నా భార్యకు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. పలమనేరులో మాకు రెండు ఆవులున్నాయి. వాటి పాలు పక్కింటివాళ్లు పిండుతుంటే, మంచం మీద పడుకుని ఆ చప్పుడు వినలేకపోయేది. "కొట్టం దాకా నడిస్తే సాలు నాకు," అనేది.

తిరుపతిలో కృత్రిమ కాళ్లు చేసే అతను ఊరికే తిరగొద్దని, ఫోన్‌తో ఫొటోలు తీసి పంపమన్నాడు. మిగిలిన కాలి పక్కన స్కేలు పెట్టి, చుట్టూ తిరుగుతూ ఎనభై దాకా తీస్తే, కంప్యూటర్ వాటిని కలిపి అచ్చం ఆ కాలి బొమ్మనే కడుతుందట. ఆ కొలతకే కాలు దూర్చే తొడుగు చేస్తాడు. ఒక్కటే చెప్పాడు: "పొద్దున మంచం దిగకముందే తియ్యండి సార్. కాలు ఏలాడితే వాపొస్తాది."

వారం రోజులు ఆమె తెల్లవారగానే దుప్పటి తొలగించి, కాలు చాపి ఎదురుచూసింది. నేను అటు తిరిగి పడుకుని, రేపన్నాను. చివరికి చిత్తూరులో పెళ్లికి పోయి, బస్సులో కాలు వేలాడేసుకుని వచ్చిన సాయంత్రం తీశాను.

"పొద్దున తియ్యమన్నాడు గదయ్యా?"

"నీ కాలికి ముహూర్తం గూడా సూడల్నా?" అన్నాను. నవ్వేసింది.

కంప్యూటర్‌లో కాలు కుట్ల గీతతో సహా వచ్చింది. ఒక్క పిసరు తేడా లేదు. కాకపోతే అది వాచిన కాలు.

తిరుపతికి పోయి వేసి చూస్తే తొడుగు వదులైంది. "ఫొటోలు ఎప్పుడు తీసినారు సార్?" అని అతను అడిగాడు.

నాకంటే ముందు ఆమె అందుకుంది. "పొద్దున్నేనప్పా."

"అయితే నువ్వే కాలికి కట్టు సరిగ్గా కట్టుకోలేదక్కా. ఎట్ల పడితే అట్ల బిగించి కడితే కాలు సన్నబడిపోదా?"

తప్పు చేసినదానిలా తల ఊపింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. వదులు లేకుండా మేజోళ్లు రెండు వేసుకోమని పంపించాడు.

కొన్నాళ్లు కొట్టం దాకా నడిచింది. ఒరుసుకుని పుండు పడినా చెప్పలేదు. మేజోడు మీద తడి నేను చూశాను. చూసి, మూడోది వేసుకోమన్నాను.

ఆసుపత్రికి పోయేసరికి చీము పైకి పాకింది. ఈసారి మోకాలూ తీసేశారు.

ఆమె మంచం పక్కనే నిలబడి అతనికి ఫోన్ చేశాను. ఫొటోలు సాయంత్రం తీసినవని చెప్పాను.

"తొడుగు వదులైన దినమే చెప్పింటే రెండు దినాల్లో వేరేది చేసిచ్చేవాణ్ణి గదా సార్," అన్నాడు.

ఆ మాట ఆమెకు వినబడుతుందేమోనని ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. అతనన్నది ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.